మూడు వేసవుల సున్నాలు

తూమక్కకి పేరు లేకేం, ఉంది. జీతం కాగితం మీద ఉంది, ఓటర్ల జాబితాలో ఉంది. ఆ పేరుతో పిలిచేవాళ్లే లేరు. నదిలోంచి కాలువ చీలే చోట, తూము పక్కనున్న ఒంటిగది ఇంట్లో ఇరవై ఆరేళ్లుగా ఉంటోంది కాబట్టి అందరికీ తూమక్కే. జుట్టు నెరిసినవాళ్లు కూడా అక్కా అనే అనేవాళ్లు. “నాకంటే పదేళ్లు పెద్దవాడివి, నీకు నేను అక్కనెట్లా అయ్యానయ్యా?” అని ఆమె దెప్పితే, “నీళ్ల తాళం నీ చేతిలో ఉన్నన్నాళ్లూ అక్కవే” అని నవ్వేవాళ్లు.

పని చెప్పుకోవడానికి చిన్నదే. పొద్దున ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ నదిలో పాతిన గేజీ పలక చూసి నీటిమట్టం రాయాలి. కాలువ వంతు వచ్చిన రోజున తాళం తీసి, ఇనప చక్రం తిప్పి, తూము తలుపు లేపాలి. చక్రం ఒక చుట్టు తిరిగితే తలుపు రెండువేళ్ల మందం లేస్తుంది. పన్నెండు చుట్లకి పూర్తిగా లేస్తుంది. ప్రతి పది రోజుల్లో నాలుగు రోజులు ఆ కాలువ వంతు. దాని కింద అరవై రెండు కుటుంబాలు. వాళ్లలో ఎవరు ఎదురుపడినా ‘బాగున్నావా’ అని కాదు, ‘ఇవాళ ఎన్ని చుట్లు’ అనే పలకరింపు.

అంతకుముందు ఆ పని ఆమె తండ్రిది. ఆయన నడుము పడిపోయాక చక్రం ఆమె తిప్పేది, సంతకం ఆయన పెట్టేవాడు. ఆయన పోయాక సంతకం కూడా ఆమెదే అయింది. మధ్యలో ఒక పెళ్లి కూడా జరిగిందండోయ్. ఆ మగమహారాజు రెండేళ్లు కాపురం చేసి, “నువ్వు నన్ను పట్టించుకున్నదాని కంటే ఆ చక్రాన్ని పట్టుకున్నదే ఎక్కువ” అని సణిగి, ఓ రోజు పని వెతుక్కుంటానని వెళ్లినవాడు మళ్లీ అజా పజా లేడు. ఆమె వెతికించనూ లేదు. ఎవరైనా జాలి పడబోతే, “పోతూ పోతూ తాళంచెవులు పట్టుకుపోలేదు, అదే పదివేలు” అనేసేది.

ఆమెకి అతిశయమంటూ ఉంటే అది ఒక్క పుస్తకం విషయంలోనే. తేదీ, మట్టం, చుట్లు, గంటలు, సంతకం, ఇవీ అందులోని గళ్లు. ఇరవై ఆరేళ్లలో ఒక్క కొట్టివేత లేదు, ఒక్క దిద్దుడు లేదు. చూడంది రాయకు, చూసింది వదలకు అని తండ్రి చెప్పాడు. అంతే ఆమె చదువు. జ్వరమొస్తే దుప్పటి కప్పుకుని వెళ్లి చూసొచ్చి రాసేది. పొలాలు తడిశాయని తెలిస్తే వంతు ఇంకా ఒక పూట మిగిలుండగానే తలుపు దించేసి, “పారబోసుకోవడానికి కాదర్రా నీళ్లు!” అని కేకలేసేది. ఆ దించిన వేళ నిమిషాలతో సహా పుస్తకంలో ఎక్కేది.

ఎగువ కాలువ తూము దగ్గర పనిచేసే మీసాల బాబాయ్‌కి ఈ పుస్తకం చూస్తే నవ్వాగేది కాదు. ఆయన పుస్తకంలో ఏ పేజీ తిప్పినా పన్నెండు చుట్లే, నిండు వంతుకి పైనే.

“ఎందుకే ఈ తంటా? పుస్తకం నిండుగా కనబడాలి గానీ నిజంగా కనబడాలని ఎవడన్నాడు?”

“నీ పుస్తకమూ నీ మీసాలూ ఒకటే బాబాయ్. రెండింటికీ రంగే.”

ఇలా నవ్వుకున్నన్నాళ్లు నవ్వుకున్నారు. ఒళ్లు దగ్గర పెట్టుకుని రాసినవాళ్ల నెత్తినే బండ పడుతుందని అప్పట్లో ఎవరు కలగన్నారు!

ఎనిమిదేళ్ల కిందట నది ఎండటం మొదలైంది. గేజీ పలకలో అడుగు గీత కూడా బయటపడి ఎండకి పొక్కులు లేచింది. ఉన్న కాస్త నీరూ ఇసకలో సన్నగా పాకేది. ఆ నీటి మీదే దిగువనున్న పట్నం బతకాలి. నీటిపారుదల శాఖలో అప్పటి సెక్షన్ ఆఫీసరు మెత్తని మనిషి. తూము గట్టు మీద కూర్చుని, చెప్పులు విప్పి, తన పాదాలకేసి చూసుకుంటూ మాట్లాడాడు.

“తూమక్కా, కింద పట్నంలో జనం బిందెలు వరసలో పెట్టి రోడ్ల మీదే పడుకుంటున్నారు. ఆసుపత్రిలో ఆపరేషన్లు ఆపేశారు. మీ కాలువ వంతు మీ హక్కు. దాన్ని ఆపే అధికారం నాకు లేదు. మీవాళ్లంతట వాళ్లు వదులుకుంటే తప్ప.”

“నన్నడిగితే ఏం లాభం సార్? నాకు జానెడు పొలం కూడా లేదు.”

“నువ్వు అడిగితే కాదనరు. అందుకే నీ దగ్గరికొచ్చాను.”

ఆమె మొదట వెళ్లింది అన్నయ్య ఇంటికి. కాలువ చిట్టచివర ఆయనది నిమ్మతోట, రెండు వందల పన్నెండు చెట్లు. ఆయనా వదినా పెళ్లయిన ఏడాది నాటుకున్నవి. పిల్లలు లేని ఇల్లది. పొద్దున లేస్తే ఇద్దరూ తోటలోనే, మాపటికి ఇద్దరి ఒంటి మీదా నిమ్మాకు వాసనే. అన్నయ్య మాటల మనిషి కాదు. ఏ చెట్టు ఆకు ముడుచుకుందో, ఏ చెట్టుకి చీడ పట్టిందో మాత్రం కళ్లు మూసుకుని చెప్పగలడు.

“ముందు నువ్వు ఊఁ అంటే గానీ నేను మిగతావాళ్ల గడప తొక్కలేను అన్నయ్యా” అంది తూమక్క.

వదిన గిన్నె తోముతున్నది తోముతున్నట్టే ఆపేసింది. “ఏమ్మా, లోకమంతటికీ మంచిదానివి అనిపించుకోడానికి మా చెట్లే దొరికాయా నీకు?”

“ఈ ఒక్క వేసవే వదినా. తర్వాత తిరిగి ఇస్తారు.”

“ఎవరిస్తారు?”

అన్నయ్య గుమ్మంలో కూర్చుని తోటకేసి చూస్తున్నవాడు నోరు విప్పాడు.

“ఆసుపత్రిలో కూడా లేవా నీళ్లు?”

“లేవట.”

“సరే, మూసెయ్.”

తర్వాత నాలుగు రోజులపాటు ఆమె కాళ్లరిగేలా మిగతా అరవై ఒక్క ఇళ్లూ తిరిగింది. తిట్టినవాళ్లు తిట్టారు, ఏడ్చినవాళ్లు ఏడ్చారు. ఒకాయన మొహం మీదే తలుపేశాడు. కానీ ‘మీ అన్న ఒప్పుకున్నాడా?’ అని అడగనివాళ్లు లేరు, ఒప్పుకున్నాడని విన్నాక కాదన్నవాళ్లూ లేరు. తలుపేసినాయన కూడా మర్నాడు తనే తూము దగ్గరికి వచ్చి, “ఇంట్లోవాళ్లతో గొడవపడి ఉన్నాలే నిన్న. నా వంతు కూడా మూసెయ్” అని చెప్పి వెళ్లాడు. ఇంత మంచి ఆ మనుషుల్లో ఉందని తూమక్కకే తెలీదు.

వంతు వచ్చిన పొద్దున ఆమె తాళం తియ్యలేదు. పుస్తకం తెరిచి పెన్ను పట్టుకుని ఆగిపోయింది. ఎక్కడ రాయాలి? పాత పుస్తకాల్లో చివర ‘విశేషాలు’ అని ఒక గడి ఉండేది. కొత్తగా అచ్చేసినప్పుడు కాగితం కలిసొస్తుందని ఏ మహానుభావుడో దాన్ని ఎగరగొట్టాడు. ఆఫీసరుకి ఫోన్ చేసింది.

“సార్, వాళ్లు వదులుకున్నారని ఎక్కడ రాయమంటారు?”

“చుట్ల గడిలో సున్నా వెయ్యి, చాలు. ఎందుకు వేశామో అందరికీ తెలుసు కదా.”

ఆమె సున్నా వేసింది. ఒక్క వేసవి అనుకున్నది మూడు వేసవులైంది. ప్రతి ఏడూ అదే మాట అడగడం, అదే సున్నా వేయడం. తలుపు మూసి ఉన్నా గేజీ మాత్రం రెండు పూటలా చూసొచ్చేది.

మొదటి వేసవి అన్నయ్యా వదినా చేదబావి అడుగు గోకి, బిందెలతో మోసి, నూట డెబ్బై చెట్లు నిలబెట్టుకున్నారు. రెండో వేసవికి బావిలో బురదే మిగిలింది. ఏ చెట్టుకి పొయ్యాలి, ఏ చెట్టుకి మానాలి అని పొద్దున్నే ఇద్దరూ వాదించుకునేవాళ్లు. మూడో వేసవికి వాదించుకోవడానికి కూడా ఏమీ మిగల్లేదు. అన్నయ్య ఒక్కడే గొడ్డలి తీసుకుని తొమ్మిది రోజులు నరికాడు, వేళ్లు కూడా తవ్వి తీశాడు. తూమక్క సాయం వెళ్తే, “నువ్వొద్దులే, ముళ్లు గుచ్చుకుంటాయి” అన్నాడు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. తిడితే బాగుండేది ఆమెకి.

తర్వాత వానలు పడ్డాయి. అన్నయ్య ఆ నేలలో ఏవో కూరగాయలు వేసుకుని బతికాడు. వదిన తూమక్కతో మాట్లాడటం తగ్గించింది. నది మాత్రం పూర్వపు నది కాలేదు. రెండేళ్లు పారితే మూడో ఏడు మొండికేసేది.

అందుకే కొత్త చట్టం వచ్చింది. దాన్ని చెడ్డదనడానికి కూడా లేదు. పాతకాలం నుంచి కాలువలకి రాసిచ్చిన హక్కులన్నీ కూడితే నదిలో పారే నీటికి రెండింతలు తేలాయట. కాగితం మీద పారే నది ఒకటి, ఇసకలో పారేది ఒకటి. ముందు పట్నాలకి తాగునీరు తీసిపెట్టి, మిగిలింది కాలువలకి ఖాయంగా పంచాలన్నారు. ఎలా పంచాలి? గత పదేళ్లలో ఏ కాలువ నిజంగా ఎంత పారించుకుందో తూము పుస్తకాలు తెప్పించి, సగటు తీసి, అదే ఇకమీదట హక్కు అన్నారు. వినడానికి ఎంత న్యాయంగా ఉందో చూడండి!

ఆఫీసు గోడ మీద జాబితా అంటించారు. మీసాల బాబాయ్ కాలువకి పది రోజుల్లో అయిదు రోజుల వంతు వచ్చింది, పాతదానికంటే ఒక రోజు ఎక్కువ. తూమక్క కాలువకి రెండు రోజులు.

ఆ కాలువ గురించి తెలిసినవాళ్లకి రెండు రోజులంటే ఏమిటో చెప్పక్కర్లేదు. నెర్రెలిచ్చిన కాలువ తడిసి, నీరు చిట్టచివరికి చేరడానికే ఒకటిన్నర రోజు పడుతుంది. చివరి ఇరవై ఇళ్లకి మిగిలేది ఒక పూట. అంటే ఆ ఇరవై ఇళ్లూ తాళాలేసుకుని పోవలసిందే. అన్నయ్యది అన్నిటికంటే ఆఖరి పొలం.

తూమక్క కొత్త ఇంజినీరమ్మ దగ్గరికి పరుగెత్తింది. చిన్న వయసు, గొంతు పెంచని మనిషి. కుర్చీ చూపించి, తూమక్క చెప్పిందంతా మధ్యలో అడ్డుకోకుండా విన్నది.

“మీరు చెబుతున్నది నిజమే అయ్యుండచ్చమ్మా. కానీ ఎక్కడ రాసుంది?”

“రాయడానికి గడి లేదమ్మా! సున్నా వెయ్యమన్నారు, వేశాను. పాత ఆఫీసరుగారిని అడగండి.”

“ఆయన చనిపోయి రెండేళ్లయింది.” ఇంజినీరమ్మ పుస్తకం తిరగేసింది. “మొత్తం నదిలో ఇంత శుభ్రమైన పుస్తకం ఇంకోటి లేదు. అదే చిక్కు. ఏ పుస్తకాన్నైనా అనుమానించచ్చు గానీ దీన్ని అనుమానించలేను. పట్నం వాళ్ల దగ్గర ఏదైనా కాగితం గానీ, చెప్పే మనిషి గానీ ఉంటే తీసుకురండి. నెలరోజులు గడువుంది.”

తూమక్క పట్నం వెళ్లింది, ఒకసారి కాదు, ఆరుసార్లు. పురపాలక ఆఫీసులో గుమస్తా నుంచి పెద్దాయన దాకా అందరి బల్లల ముందూ నిలబడింది. ఆ మూడేళ్ల దస్తావేజుల్లో ట్యాంకర్ల సంగతి ఉంది, బోర్ల సంగతి ఉంది, అప్పటి అధ్యక్షుడు నీటి కష్టం తీర్చినందుకు జరిగిన సన్మానం సంగతి ఉంది. తూమక్క కాలువ రైతులు వంతు మానుకున్నారని ఒక్క ముక్క లేదు. “ఇచ్చినవాళ్లు రసీదు తీసుకోవాలి కదమ్మా” అన్నాడు గుమస్తా, చెవిలో పుల్ల పెట్టుకుని తిప్పుకుంటూ. వాడి నోట్లో మన్నుపడ!

గడువు ఇంకా పది రోజులుందనగా మీసాల బాబాయ్ సైకిలు తోసుకుంటూ తూము దగ్గరికి వచ్చాడు. ఎప్పుడూ ఉండే వెటకారం లేదు మొహంలో. గట్టు మీద ఆమె పక్కన కూర్చున్నాడు.

“ఒక దారుందే. చెబితే నన్ను కొడతావేమో.”

“చెప్పు, తర్వాత సంగతి చూద్దాం.”

“చట్టంలో ఉన్నది ‘నిజంగా పారించుకున్న నీరు’ అనే. సక్రమంగానా, దొంగతనంగానా అన్న పట్టింపు లేదు. మా కాలువవాళ్లు వంతుకు మించి లాగింది కూడా కలిసింది కదా! పుస్తకం తప్పని రాసిన మనిషే ఒప్పుకుని, నీళ్లు పారించుకున్న రైతు ఒకడు సాక్ష్యం చెబితే అంకె మారుస్తారు. ఆ మూడు వేసవులూ తలుపు తీశానని చెప్పు. తీసి, సున్నా రాశానని చెప్పు.”

“నేను దొంగనని చెప్పుకోవాలా?”

“నీ ఉద్యోగం పోతుంది. కాలువ మిగులుతుంది.”

ఆమె కొట్టలేదు. కొట్టినా బాగుండేది, ఆయన సైకిలెక్కి పోయేవాడు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. ఉద్యోగం గురించి కాదు ఆమె బాధ. అరవై రెండు ఇళ్లవాళ్లు తమ బతుకులో చేసిన అంత పెద్ద పని, ఇంకెప్పుడూ చేయలేని పని, అసలు జరగనేలేదని తన నోటితో చెప్పాలి. పైగా సాక్షి కావాలి. చివరి పొలం దాకా నీరు చేరిందని చెబితేనే కాలువంతా పారినట్టు లెక్క. చివరి పొలం ఎవరిదో మళ్లీ చెప్పాలా?

రెండు రోజులు ఆగి అన్నయ్య ఇంటికి వెళ్లింది. ఏ మొహం పెట్టుకుని అడగాలో తెలియక, వదిన ముందే ఉన్నదున్నట్టు చెప్పేసింది. వదిన వినీ వినగానే చేతిలో చేట విసిరికొట్టింది.

“చెట్లు అడిగావు, ఇచ్చాం. ఎండబెట్టుకున్నాం. ఇప్పుడు ఎండలేదని చెప్పమంటావా? ఆ బిందెలు మోసి మోసి నా భుజం ఇప్పటికీ పైకి లేవదు. అది కూడా అబద్ధమేనా? ఇదిగో, చూడు, చూడు!”

తూమక్క ఏడ్చింది. “వద్దులే వదినా. నేను అడగలేదనుకో.”

“అనుకుంటే సరిపోతుందా? అడిగేశావుగా!”

అన్నయ్య లేచి, నేల మీద చెదిరిన గింజలు చేటలోకి ఎత్తడం మొదలుపెట్టాడు. ఎత్తుతూనే అడిగాడు.

“ఒప్పుకుంటే ఎన్ని రోజుల వంతొస్తుంది?”

“మూడు రోజులు, పైన ఇంకాస్త. చివరిదాకా సరిపోతుంది.”

“ఒప్పుకోకపోతే?”

“చివరి ఇరవై ఇళ్లూ...”

“అందులో పసిపిల్లలున్న ఇళ్లు ఎన్ని?”

ఆమె వేళ్ల మీద లెక్కపెట్టింది. పదకొండు. ఆయన చేట వదిన చేతికిచ్చి, “మనకి ఇంకా పోయేదేముందే?” అన్నాడు. విచారణ రోజున వదినే ముందు తయారై, చీర మార్చుకుని గుమ్మంలో నిలబడింది.

విచారణ ఆఫీసు మీటింగు హాల్లో పెట్టారు. పొడుగు బల్ల, తిరిగీ తిరగని ఫ్యాన్లు, వరసకి పది చొప్పున ప్లాస్టిక్ కుర్చీలు. కాలువవాళ్లంతా వచ్చారు. తాగునీటి తరఫున పట్నం నుంచి కూడా అయిదారుగురు వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. తూమక్క లేచి చెప్పాల్సింది చెప్పింది. ఇంజినీరమ్మ పెన్ను కింద పెట్టేసింది.

“మీరేం చెబుతున్నారో మీకు తెలుస్తోందా? ఇది రాసుకుంటే రేపటి నుంచి మీరు పనిలో ఉండరు.”

“తెలుసమ్మా.”

“మూడు వేసవులూ తలుపు తీశారా?”

“తీశాను. ఎవరూ లేని వేళ చూసి తీశాను.”

“ఎన్ని చుట్లు?”

అన్నీ ఊహించుకుని వచ్చింది గానీ ఈ ప్రశ్న ఊహించలేదు. చూడని అంకె చెప్పడం ఆమెకి పుట్టి బుద్ధెరిగాక అలవాటు లేదు. “పన్నెండు” అంది చివరికి.

“మరి సున్నా ఎందుకు వేశారు?”

“దొంగతనం కదమ్మా. రాసుకుంటారా ఎవరైనా?”

ముందు వరసలో పట్నం వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సాక్షిని పిలవమంది ఇంజినీరమ్మ. అన్నయ్య లేచి బల్ల దగ్గరికి వెళ్లాడు. ఉతికిన చొక్కా, పైగుండీ దాకా పెట్టుకున్నాడు.

“చివరి పొలం మీదేనా?”

“మాదేనమ్మా. నిమ్మతోట ఉండేది.”

“ఆ మూడు వేసవులూ నీళ్లొచ్చాయా?”

“వచ్చాయి. పారించుకున్నాను.”

ఇంజినీరమ్మ ఫైలులో ఒక కాగితం వెతికి తీసింది. “ఆ మూడో వేసవిలోనే తోట మొత్తం తీసేశారని ఇక్కడుంది. నీళ్లు పారితే చెట్లెందుకు పోయాయి?”

ఈ ప్రశ్నకి జవాబు లేకపోతే చెప్పిందంతా బూడిదలో పోసినట్టే. వెనక వరసలో వదిన కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది. అన్నయ్య తల వంచుకున్నాడు.

“నీళ్లు ఎక్కువయ్యాయమ్మా” అన్నాడు. “వేళ్లు కుళ్లిపోయాయి. చెట్లు పెంచడం నాకు చేతకాలేదు.”

వదిన లేచి బయటికి వెళ్లిపోయింది.

ఇంజినీరమ్మ చాలాసేపు ఆయన్నే చూసింది. నమ్మిందో లేదో మనకి తెలీదు. నమ్మకపోయినా రాసుకోవడం ఆమె పని, రాసుకుంది. తూమక్క పుస్తకం ముందుకు లాక్కుని, ఆ మూడు వేసవుల పేజీలూ ఒక్కొక్కటే తిప్పి, ఎర్రసిరాతో అడ్డంగా గీతలు కొట్టి, పక్కన పన్నెండు, పన్నెండు అని వేసుకుంటూ పోయింది. ప్రతి గీతా తూమక్క నిలబడి చూసింది. ఆఖరుకి కాలువ వంతు మూడు రోజుల అయిదు గంటలుగా ఖాయమైందని చదివి వినిపించారు. తాళంచెవులు బల్ల మీద పెట్టి వెళ్లమన్నారు. హాల్లో అరవై ఇళ్లవాళ్లున్నారు, ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. వెళ్లిపోయేటప్పుడు ఒక్కొక్కరే వచ్చి ఆమె చెయ్యి తాకి, మొహంలోకి చూడలేక పక్కకి తిరిగి పోయారు.

తూమక్కా అన్నయ్యా చివరగా వరండాలోకి వచ్చారు. పట్నం నుంచి వచ్చినవాళ్లలో ఒకామె అక్కడ స్తంభం పక్కన నిలబడి ఉంది. ఆసుపత్రి ఆయాలు కట్టుకునే చీర, చేతిలో గుడ్డసంచీ. నలభై అయిదేళ్లుంటాయేమో. వాళ్ల కోసమే ఆగినట్టుంది.

“ఆ ఆఖరి తోట మీదే కదూ?” అని అన్నయ్యని అడిగింది.

“అవునమ్మా.”

“నేను ఆసుపత్రిలో పిల్లల వార్డు ఆయాని. ఆ మూడు వేసవులూ అక్కడే ఉన్నాను. రోజుకి ఒక్క గంట వచ్చేది కుళాయి. పైన ఎవరో రైతులు వాళ్ల చేలు ఎండబెట్టుకుని మనకి వదులుతున్నారు, చుక్క కింద పోనివ్వకండే అని మా పెద్ద నర్సమ్మ చెప్పేది. నేను ప్రతి బిడ్డ తల్లికీ ఆ మాటే చెప్పాను. ఇప్పటికీ చెబుతున్నాను. అట్లాంటి మనుషులు కూడా ఉంటారమ్మా, ధైర్యంగా ఉండు అని.” ఆమె అన్నయ్య మొహంలోకి చూసింది. “చెట్లు కుళ్లిపోయేంత నీళ్లు పారించుకున్నారా మీరు?”

తూమక్క పట్నంలో ఆరుసార్లు తిరిగింది. ఆ పురపాలక ఆఫీసు గోడ పక్క గేటే ఆసుపత్రిది. కుర్చీ, బల్ల ఉన్న ప్రతివాణ్ణీ అడిగింది గానీ, ఆ గేటు దాటి లోపలికి వెళ్లి ఒక ఆయాని అడగాలని తోచలేదు. తెలిసినవాళ్లు ఉన్నారు. అన్నేళ్లూ ఉన్నారు. ఒక్క పూట ముందు ఈమె కనబడినా చాలు. గడువు తీరిపోయింది, ఇప్పుడు నిజం చెబితే మూడు రోజుల వంతు మళ్లీ రెండుకి పడుతుంది. హాలు తలుపు తెరిచే ఉంది, లోపల ఇంజినీరమ్మ ఇంకా కాగితాలు సర్దుతోంది. చెప్పెయ్యాలని తూమక్క నోరు తెరిచింది. అన్నయ్య ఆమె మోచెయ్యి పట్టుకుని నొక్కాడు.

“తప్పయిపోయిందమ్మా” అన్నాడు ఆయాతో. “ఇకమీదట ఎవరికీ ఆ మాట చెప్పకండి.”

ఆయా కొంగుతో ముక్కు తుడుచుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది. తూమక్క అక్కడే మెట్టు మీద కూలబడి, తండ్రి పోయిన రోజున కూడా ఏడవనంతగా ఏడ్చింది. అన్నయ్య ఏడవలేదు. ఆ ఆయా గేటు దాటేదాకా తల దించుకునే నిలబడ్డాడు.